చెప్పింది చెప్పినట్టు

ఉదయం ఏడు కాకముందే ఆరోగ్యమ్మ మంచం మీద కూర్చుని కోడలి మీద మొదటి ఫిర్యాదు చేసేసింది.

"టీలో పంచదార వేసావా, డబ్బా చూపించి పక్కన పెట్టావా?"

"మీకు షుగరుందని డాక్టరు చెప్పాడు కదత్తయ్యా."

"ఎవరికి చెప్పాడు? నాకు చెప్పినట్టు నాకేం గుర్తులేదే."

పరిమళ నవ్వుకుంటూ క్యారియరులో అన్నం సర్దుకుంటోంది. ఏప్రిల్ నెలాఖరు. కృష్ణయ్య గారి కల్లంలో మిరపకాయలు ఎండి గుట్టలుగా ఉన్నాయి. ఎండ ముదిరేలోపు వెళ్ళి, రంగు పోయి తెల్లబడిన తాలు కాయల్ని ఏరి పక్కన పోయాలి. భర్త రత్నబాబు జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు ఎత్తే పనికి మొదటి బస్సులోనే వెళ్ళిపోయాడు. వాకిట్లో కూతురు జెరూషా గిన్నెలు తోముతోంది. పద్నాలుగేళ్ళ పిల్ల. తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉంది. ఆ ఇంట్లో ఆ పిల్ల ఉందని తెలిసేది గిన్నెల చప్పుడు వల్లే గానీ నోటి మాట వల్ల కాదు.

"జెరూషా, మామ్మకి పదింటికి మాత్ర ఇవ్వు. తినకుండా దిండు కింద దాస్తుంది, చూసుకో."

జెరూషా తలూపింది.

"తలూపితే నాకెలా వినపడుద్దే? నోరు లేదా?" అంది ఆరోగ్యమ్మ.

అప్పుడే సుబ్బమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కల్లం పనికి ఊళ్ళో ఆడవాళ్ళని కూడగట్టి తీసుకెళ్ళేది ఆమే. రోజూ దారిలో నుంచే కేక వేసి పోయే మనిషి ఇవాళ గుమ్మం దాకా వచ్చి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడేసరికి పరిమళకి ఏదో అనుమానం వేసింది.

"క్యారియరు కట్టకు పరిమళా. నిన్ను పనికి రావద్దన్నారు అమ్మగారు."

"ఎందుకూ? నేనేం చేసా?"

సుబ్బమ్మ వాకిట్లో ఉన్న జెరూషా వైపు చూసి గొంతు తగ్గించింది. "నిన్న పదో తరగతి రిజల్టు వచ్చిందిగా. ఆమనికి మార్కులు బాగా తగ్గినయ్యంట. ఆ పిల్ల పరీక్ష రాసింది మీ జెరూషాయేగా! మీ పిల్లే ఏదో తప్పుగా రాసిందని అమ్మగారు ఒకటే ఏడుపు. పొద్దున్నే కల్లంలో అందరి ముందూ అనేసారు. నా మీద కోపగించుకోకమ్మా, చెప్పమన్నారు, చెప్పా."

వాకిట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

*

కృష్ణయ్య, భారతీదేవిల ఒక్కగానొక్క కూతురు ఆమని. పుట్టుకతోనే చూపు లేదు. ఊళ్ళోని హైస్కూల్లోనే పదో తరగతి దాకా వచ్చింది. చూపు లేనివాళ్ళు పరీక్షలో జవాబులు నోటితో చెబితే, ఒక తరగతి తక్కువ చదివే పిల్లలెవరైనా పక్కన కూర్చుని రాసిపెట్టవచ్చు.

ఆ స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వారానికి రెండు గంటలు ఊరికి ఉపయోగపడే పని ఏదో ఒకటి చేయాలని ఫ్రాన్సిస్ మాస్టారు నిరుడు జూన్‌లో ఒక పద్ధతి పెట్టారు. కొందరు అంగన్‌వాడీలో చిన్నపిల్లలకి కథలు చెప్పడానికి పేర్లిచ్చారు. కొందరు ఆరోగ్య కేంద్రంలో ముసలివాళ్ళకి చీటీలు రాసిపెడతామన్నారు. అందరూ అయిపోయాక జెరూషా బల్ల దగ్గరికి వెళ్ళి, నేల చూస్తూ అడిగింది. "మాట్లాడక్కర్లేని పనేమైనా ఉందా మాస్టారూ?"

ఆయన నవ్వి, ఆమని పని అప్పగించారు. "ఏడాదంతా పాఠాలు చదివి వినిపించాలి. పరీక్షల్లో ఆమె చెప్పింది రాయాలి. ఒక్కటి గుర్తుపెట్టుకో. అక్కడ నువ్వు చెయ్యివి మాత్రమే. ఆలోచన ఆమెది. ఆమె తప్పు చెప్పినా, నీకు ఒప్పు తెలిసినా, చెప్పింది చెప్పినట్టు రాయాలి. అన్నింటికన్నా కష్టమైన సేవ ఇదే."

ఆ రోజు జెరూషాకి అందులో కష్టమేమిటో అర్థం కాలేదు.

పదిమందిలో నోరు పెగలని జెరూషా ఆమని దగ్గర మాత్రం గడగడా చదివేది. ఆమని కళ్ళు తనను చూడవు కాబట్టి సిగ్గు వేసేది కాదు. సైన్సు, సోషలు పాఠాలన్నీ చదివి ఫోనులో రికార్డు చేసి ఇచ్చేది. అలా ఏడాదిలో పదో తరగతి పుస్తకాలు తనకీ సగం వచ్చేసాయి.

ఫిబ్రవరిలో ప్రీఫైనల్ పరీక్షలు జరిగాయి. ఆమనికి ఆరు వందలకి ఐదు వందల ముప్పై ఒకటి వచ్చాయి. భారతీదేవి ఆ సంతోషంలో కూతురికి మాటిచ్చింది. "పబ్లిక్‌లో కూడా ఐదొందలు దాటు. విజయవాడ హాస్టల్లో ఉండి చదువుకుంటానన్నావుగా, పంపిస్తా." అంతకు ముందు రెండేళ్ళుగా హాస్టలు మాటెత్తితే చాలు ఆవిడ ఏడ్చేది.

ఆ మర్నాడే ఆమని జెరూషాని గదిలోకి పిలిచి తలుపు వేయమంది.

"నీ పెన్ను నాకు జవాబులు చెప్పేస్తోంది జెరూషా."

"నేనేం చెప్పలేదక్కా! ఒట్టు!"

"నువ్వు చెప్పలేదు. నేను తప్పు చెప్పినప్పుడల్లా నీ పెన్ను ఆగిపోతోంది. కాగితం మీద గీసే చప్పుడు ఆగగానే నాకు తెలిసిపోతోంది, తప్పు చెప్పానని. అప్పుడు ఆలోచించి మార్చేస్తున్నా. ప్రీఫైనల్లో అలా ఎన్నిసార్లు మార్చానో నాకే తెలీదు."

"నాకు తెలీకుండానే ఆగుతోందేమో అక్కా."

"తెలుసు. అందుకే అడుగుతున్నా. పబ్లిక్ పరీక్షలో ఆగకు. నేనేం చెప్పినా ఆగకు."

"మార్కులు తగ్గుతాయేమో. ఐదొందలు రాకపోతే?"

"రేపు కాలేజీకి నీ పెన్ను నాతో రాదుగా," అంది ఆమని. "నాకు నిజంగా ఎంత వచ్చో నాకు తెలియాలి. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు. ఆ ఐదొందల ముప్పై ఒకటి నాది కాదని తెలిస్తే అమ్మ పరీక్షకి ముందే హాస్టలు వద్దనేస్తుంది. నాకు మాటివ్వు."

జెరూషా మాటిచ్చింది. ఆ రోజు నుంచి ఇంట్లో మామ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తప్పులు చెప్పమని అడిగి, చెయ్యి ఆగకుండా రాయడం నేర్చుకుంది. సూర్యుడు పడమట పొడుస్తాడని ఆరోగ్యమ్మ చెబితే రాసింది. కృష్ణానది హైదరాబాదులో పుట్టిందంటే రాసింది. "మీ అమ్మ పులుసు బాగా పెడుతుంది. ఊఁ, రాయి! నువ్వు తప్పులేగా అడిగావు," అంటే నవ్వాపుకుంటూ అదీ రాసింది.

పరీక్షల ముందు రోజు పరిమళ కల్లం నుంచి వచ్చి కూతుర్ని పక్కకి పిలిచింది. "అమ్మగారు నీకో మాట చెప్పమన్నారే. ఆమని ఎక్కడన్నా తడబడితే నీకు తెలిసింది నువ్వే కాస్త కలిపి రాయమన్నారు. ఎవరికీ తెలీదుగా. పాపం, చూపు లేని పిల్ల."

జెరూషా తలూపనూ లేదు, అడ్డంగా ఊపనూ లేదు. పరిమళ దాన్ని సరేనని అనుకుంది.

నందిగామలో పరీక్ష కేంద్రం. వాళ్ళిద్దరికీ వేరే గది. సైన్సు పరీక్షలో హ్రస్వదృష్టి ఉన్నవాళ్ళకి ఏ కటకం వాడతారని ప్రశ్న వచ్చింది. కుంభాకార కటకమని ఆమని చెప్పింది. పుటాకార కటకమని జెరూషాకి తెలుసు. ఆ పాఠం తనే మూడుసార్లు చదివి వినిపించింది. కానీ చెయ్యి ఆగలేదు. కుంభాకార అనే రాసింది. బయటికి వచ్చాక ఆటోలో ఆమని అడిగింది. "ఇవాళ ఎక్కడా ఆగలేదు కదూ?" జెరూషా ఆగలేదని చెప్పి, ముఖం అటు తిప్పుకుని ఏడ్చింది.

నిన్న వచ్చిన ఫలితాల్లో ఆమనికి నాలుగు వందల అరవై ఏడు వచ్చాయి.

*

సుబ్బమ్మ వెళ్ళిపోయాక పరిమళ క్యారియరు గట్టు మీద పెట్టి, కూతురి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నేను నీకు చెప్పానా లేదా? అమ్మగారన్న మాట చెప్పానా?"

"చెప్పావు."

"చేసావా?"

"లేదు."

"ఎందుకు చేయలేదు?"

జెరూషా తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ నిలబడింది.

"పోనీ, తప్పుగా రాసావా? ఆ పిల్ల చెప్పింది ఒకటీ నువ్వు రాసింది ఒకటా?"

"లేదమ్మా."

"మరి ప్రీఫైనల్లో అన్ని వచ్చి ఇప్పుడెందుకు తగ్గినయ్యే? అప్పుడూ నువ్వే రాసావుగా? చెప్పు. చెప్పవేం?" పరిమళ గొంతు పెరిగింది. "పదకొండేళ్ళుగా ఆ ఇంటికి పనికెళ్తున్నానే. ఒక్కరోజు మాట పడలేదు. ఇవాళ కల్లంలో అందరి ముందూ నా పేరెత్తి రావద్దనిపించుకున్నా. నువ్వు నోరు తెరవవు!"

"పిల్లని అదిలించకే," అంది ఆరోగ్యమ్మ మంచం మీద నుంచి. "అది రాయడం నేను చూసాను. చెప్పింది చెప్పినట్టు రాస్తది."

"మీరూరుకోండత్తయ్యా. మీకేం తెలుసు?" పరిమళ కూతురి చెయ్యి పట్టుకుంది. "పద. అమ్మగారి దగ్గర తప్పయిందని చెప్పు. ఆవిడ మనసు మంచిదే. నువ్వు ఒక్కమాట చెబితే సరిపోద్ది."

"అమ్మా, నేను..."

"పద!"

*

కృష్ణయ్య గారి ఇంటి పక్కనే కల్లం. పది మంది ఆడవాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని ఎర్రటి గుట్టల చుట్టూ కూర్చున్నారు. తల్లీకూతుళ్ళు రావడం చూసి అందరి చేతులూ నెమ్మదించాయి.

భారతీదేవి వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బిపోయాయి. కృష్ణయ్య పక్కన కుర్చీలో కూర్చుని పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు గానీ చదవడం లేదు.

"ఎందుకొచ్చావు పరిమళా? సుబ్బమ్మ చెప్పలేదా?"

"చెప్పిందండి అమ్మగారూ. చిన్నపిల్లండీ. దాని మీద కోపం పెట్టుకోకండి."

"కోపమా?" అంది భారతీదేవి. "నా కూతురికి చూపు లేదని నీ కూతురి చెయ్యి అరువు తీసుకున్నా. ఆ చెయ్యే ముంచింది. ఐదొందల ముప్పై ఒకటి వచ్చిన పిల్లకి నాలుగొందల అరవై ఏడా? నెలరోజుల్లో నా బిడ్డ చదివిందంతా మర్చిపోయిందా? నిన్నట్నించీ అది ముద్ద ముట్టలేదు. అడిగితే మాట్లాడదు."

పరిమళ కూతుర్ని ముందుకి తోసింది. "చెప్పవే. తప్పయిందని చెప్పు."

జెరూషా నేల చూస్తూ నిలబడింది. కల్లంలో ఒక్క చెయ్యి కూడా కదలడం లేదు.

"నిన్నేనే! చెప్పు!"

"తప్పు చేయలేదమ్మా," అంది జెరూషా. పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా వినపడలేదు. కానీ భారతీదేవికి వినపడింది.

"చూసావా? తప్పు చేయలేదట! అయితే తప్పు నా కూతురిదా?"

"అవునమ్మా."

ఆ మాట జెరూషాది కాదు. ఆమని గదిలోంచి వచ్చి, గోడ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు. నిన్నటి బట్టల్లోనే ఉంది.

"పరిమళక్కని పనికి రావద్దన్నావని నాకిప్పుడే తెలిసింది. నిన్నట్నించీ చెబుదామనుకుంటున్నా, ధైర్యం చాల్లేదు. అమ్మా, ఆ ఐదొందల ముప్పై ఒకటీ నావి కావు."

"ఏంటే నువ్వనేది?"

ఆమని అంతా చెప్పింది. పెన్ను ఆగడం, తను జవాబు మార్చుకోవడం, పబ్లిక్ పరీక్షలో ఆగవద్దని తనే అడగడం, ఎవరికీ చెప్పనని మాట తీసుకోవడం. "నువ్వు కలిపి రాయమని కబురు పంపావని కూడా నాకు తెలుసు. జెరూషా చెప్పలేదు. నువ్వు పరిమళక్కతో అంటుంటే నేనే విన్నా. ఆ పిల్ల నీ మాట వినుంటే నీకు ఐదొందలు వచ్చేవి. నాకు మాత్రం ఏమీ వచ్చేది కాదు."

భారతీదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరిమళ కూతురి వైపు చూసింది. జెరూషా ఇంకా నేలనే చూస్తోంది.

"అయితే నీకు వచ్చింది అంతేనన్నమాట," అంది భారతీదేవి చివరికి. కోపం పోయి, గొంతులో భయం ఒక్కటే మిగిలింది. "పక్కన మనిషి లేకపోతే అంతేనన్నమాట. మరి హాస్టల్లో నీ పక్కన ఎవరుంటారే? మెట్టు తప్పితే పట్టుకునేదెవరు? ఐదొందలు రాలేదు. మాట మాటే. హాస్టలూ వద్దు, ఏమీ వద్దు. ఇంట్లోనే ఉండు."

ఆమని ఏడవలేదు, వాదించలేదు. "సరేనమ్మా," అని వెనక్కి తిరిగింది.

ఆ "సరేనమ్మా" విని జెరూషా తట్టుకోలేకపోయింది.

"అమ్మగారండీ!"

అందరూ తిరిగి చూసారు. ఆ పిల్ల అంత గట్టిగా పిలవడం ఆ ఊళ్ళో ఎవరూ వినలేదు. పరిమళ కూడా వినలేదు. జెరూషా మెడ దాకా ఎర్రబడింది. రెండు చేతులూ గౌను అంచు పట్టుకున్నాయి. అయినా ఆగలేదు.

"తెలుగు పరీక్షలో మీ ఊరి గురించి స్నేహితురాలికి ఉత్తరం రాయమన్నారండీ. అక్క ఏం చెప్పిందో నాకు మొత్తం గుర్తుంది. చెప్పనా?"

కృష్ణయ్య పేపరు దించి, "చెప్పమ్మా," అన్నాడు.

జెరూషా కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

"'ప్రియమైన స్నేహితురాలికి. మా ఊరు చూడటానికి రమ్మని నేను పిలవను. వినడానికి రా. తెల్లవారుజామున మొదటి బస్సు మలుపు దగ్గర హారన్ కొడుతుంది. సగం ఊరు అది విని లేస్తుంది. మిగిలిన సగం ఆ లేచినవాళ్ళ దగ్గులు విని లేస్తుంది. మధ్యాహ్నం దూరంగా క్వారీలో రాయి పేలిస్తే మా కిటికీ రెక్క వణుకుతుంది. మా నాన్న అన్నం తింటూ, ఇవాళ ఆలస్యం చేసారు అంటాడు, వాళ్ళేదో ఆయన్ని అడిగి పేల్చాలన్నట్టు.'"

కృష్ణయ్య పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది.

"'మిరపకాయల రోజుల్లో మా కల్లం నిండా తుమ్ములే. ఎవరి తుమ్ము ఎవరిదో నేను చెప్పగలను. సుబ్బమ్మ గారు తుమ్మితే మూడుకి తక్కువ ఉండదు.'"

"ఓరి దేవుడా, నా తుమ్ములు కూడా పబ్లిక్ పరీక్షలోకి ఎక్కించారా!" అంది కల్లంలోంచి సుబ్బమ్మ. ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు.

జెరూషా నవ్వులు తగ్గేదాకా ఆగి, గొంతు సర్దుకుంది.

"'మా ఇంట్లో అన్నింటికన్నా ఎక్కువ వినపడేవి మా అమ్మ గాజులు. పొద్దున్నించీ ఇల్లంతా తిరుగుతూనే ఉంటాయి. ఒక్కోసారి నా గది గుమ్మం దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. చాలాసేపు ఆగిపోతాయి. అప్పుడు మా అమ్మ నన్ను చూస్తోందన్నమాట. తను లేని రోజున ఈ పిల్ల ఏమైపోతుందా అని చూస్తోందన్నమాట. ఆ సంగతి నాకు తెలుసని అమ్మకి తెలియదు. నేను నా కాళ్ళ మీద నిలబడ్డాక, మా అమ్మ గాజులు నా గుమ్మం దగ్గర అలా ఆగకుండా మోగుతూ వెళ్ళిపోవాలి. ఆ రోజు నిన్ను మళ్ళీ మా ఊరు పిలుస్తాను.'"

జెరూషా కళ్ళు తెరిచింది.

"ఇందులో ఒక్క ముక్క నాది కాదండీ. నేనిలా రాయలేను. కాపలా ఉన్న మేడం గారు కూడా పక్కనే నిలబడిపోయి విన్నారు, కళ్ళు తుడుచుకున్నారు. తెలుగులో అక్కకి తొంభై ఒకటి వచ్చినయ్. సైన్సులో తప్పులు పోయినయ్. అన్నీ కలిపితే నాలుగొందల అరవై ఏడు. అవన్నీ అక్కవేనండీ. ఎవరూ కలపలేదు."

భారతీదేవి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. చాలాసేపు ఏడ్చింది. ఆమని గోడ వదిలి, ఏడుపు వినపడే వైపు నడిచి, తల్లి పక్కన తడుముకుంటూ కూర్చుంది.

"నీకు ఇన్నాళ్ళూ తెలుసా?" అంది భారతీదేవి. "నేనలా వచ్చి నిలబడతానని?"

"తెలుసమ్మా."

"ఒక్కసారీ అనలేదే?"

"అంటే రావడం మానేస్తావని."

భారతీదేవి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. కృష్ణయ్య లేచి వచ్చి వాళ్ళ దగ్గర నిలబడ్డాడు. "ఐదొందలనే గీత మనమే గీసాం భారతీ. చెరపాలన్నా మనమే చెరపాలి."

"నాకు భయమండీ."

"నాకూ భయమేనమ్మా," అంది ఆమని. "అయినా వెళ్తా."

భారతీదేవి కొంగుతో ముఖం తుడుచుకుంది. "సోమవారం విజయవాడ వెళ్దాం. నా కళ్ళతో ఆ హాస్టలు చూడాలి. మెట్లెన్ని ఉన్నాయో, బాత్రూము ఎంత దూరమో అన్నీ చూడాలి. నాకు నచ్చకపోతే మాత్రం..."

"నచ్చకపోతే?"

"నచ్చకపోతే ఇంకో హాస్టలు చూద్దాం."

తర్వాత ఆవిడ లేచి, కల్లం వైపు తిరిగి, అందరికీ వినపడేటట్టు అంది. "పరిమళా, పొద్దున అందరి ముందూ నిన్ను అన్నాను. అందరి ముందే చెబుతున్నా. నీ కూతురు ఏ తప్పూ చేయలేదు. తప్పు చేయమని చెప్పి పంపింది నేను. చేయనందుకు మళ్ళీ కోప్పడింది కూడా నేనే." జెరూషా దగ్గరికి వచ్చి తల మీద చెయ్యి పెట్టింది. జెరూషా పాత అలవాటు ప్రకారం తలూపింది.

పరిమళ కళ్ళొత్తుకుంది. "అన్నం ఇంట్లో ఉండిపోయిందండి అమ్మగారూ. తెచ్చుకుని వచ్చి పనిలో కూర్చుంటా."

*

తల్లీకూతుళ్ళిద్దరూ ఇంటిదారి పట్టారు. ఎండ ఎక్కుతోంది. కాలవ మీద కల్వర్టు దగ్గర తుమ్మ చెట్టు నీడ పడుతోంది. పరిమళ అక్కడ ఆగింది.

"నాకైనా చెప్పొచ్చు కదే?"

"అక్కకి మాటిచ్చానమ్మా."

"నేను నీ అమ్మని. నువ్వు తప్పు చేయలేదని నాకు నేనే అనుకోవాల్సింది. అనుకోలేదు. చేయని తప్పు ఒప్పుకోమని అందరి ముందుకీ లాక్కెళ్ళా."

"పని పోతుందని భయపడ్డావు కదమ్మా."

"భయపడితే మాత్రం?" పరిమళ కల్వర్టు గోడ మీద కూర్చుంది. కూతుర్ని కొత్తగా చూస్తున్నట్టు చూసింది. "ఆమని చెప్పిందంతా పొల్లు పోకుండా మనసులో పెట్టుకున్నావు. అంతమందిలో నిలబడి చెప్పావు. నీకు ఇన్ని మాటలొచ్చని నాకే తెలీదు. ఇంట్లో నాతో ఎందుకు మాట్లాడవే?"

జెరూషా చెప్పుతో మట్టిలో గీత గీసింది.

"నువ్వెప్పుడూ పని చెబుతావమ్మా. అడగవు."

పరిమళకి ఆ మాట గుండెలో తగిలింది. నిజమే. నీళ్ళు తెచ్చావా, గిన్నెలు తోమావా, మామ్మకి మాత్ర ఇచ్చావా. రోజూ అడిగేవి ఇవే. వాటికి తలూపితే చాలు. బిడ్డకి మాటలు రావని ఊరంతా అంటే తనూ నమ్మేసింది. వినడానికి తనకెప్పుడూ తీరిక లేదన్న సంగతి ఇప్పటిదాకా తట్టనే లేదు.

ఆమె పక్కకి జరిగి గోడ మీద చోటిచ్చింది.

"కూర్చో. ఇప్పుడడుగుతున్నా."

"అన్నం తీసుకుని పనికెళ్ళాలిగా?"

"కాసేపాగి వెళ్తా. కూర్చోమన్నాగా."

జెరూషా కూర్చుంది. "ఏం చెప్పను?"

"ఏదైనా. నీ మనసులో ఉన్నదేదైనా."

జెరూషా కాలవ వైపు చూసింది. ఒకసారి నోరు తెరిచి మూసేసింది. తర్వాత, ఎదురుగా ఎవరూ లేనట్టు నీళ్ళనే చూస్తూ, మెల్లగా మొదలుపెట్టింది.

"క్లాసులో మాస్టారు అడిగే ప్రశ్నలకి జవాబులన్నీ నాకు వచ్చమ్మా. చెయ్యెత్తాలంటేనే భయం. ఎందుకంటే ఆరో తరగతిలో ఒకసారి..."

పరిమళ మధ్యలో ఒక్క మాట కూడా అనకుండా వింటూ కూర్చుంది.